సిస్టరమ్మను అడగండి: ఇంట్లో పేషెంటు, ఆసుపత్రిలో డాక్టరు, మధ్యలో అటెండెంటు

పోయిన నెల మంచాన పడ్డ పెద్దవాళ్ళను ఇంట్లో చూసుకోవడం గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. కూతుళ్ళు రాశారు, జీతానికి పనిచేసే అటెండెంట్లు రాశారు, ఒక ఆశా కార్యకర్త, ఒక ప్రభుత్వ డాక్టరు కూడా రాశారు. అందరి గోడూ దాదాపు ఒకటే. ఎవరి పని వాళ్ళు చేసుకుపోతున్నారు, ఒకరు చూసింది ఇంకొకరికి చేరడం లేదు. నేను నర్సుగా రిటైరయ్యాక ఇంటి దగ్గర పేషెంట్లను చూసుకునే అమ్మాయిలకు శిక్షణ ఇస్తున్నాను కాబట్టి ఈ బాధ రెండు వైపుల నుంచీ నాకు తెలుసు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను. పేర్లు వెయ్యొద్దని చాలామంది కోరారు, అందుకని ఎవరి పేరూ వెయ్యడం లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్ళు. తెనాలిలో అమ్మా ఆయనా ఉంటారు. ఈమధ్య పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట కూడా సరిగా రావడం లేదు. ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు ముక్కులో గొట్టం, యూరిన్ బ్యాగుతో ఇంటికి పంపించారు. బిల్లు కట్టేసరికే సాయంత్రమైంది. సిస్టర్ ఒకావిడ వచ్చి గబగబా ఏవో జాగ్రత్తలు చెప్పి వెళ్ళిపోయింది. ఏజెన్సీ ద్వారా ఒక అటెండెంటును పెట్టుకున్నాం. ఆ అమ్మాయి ఒకరోజు 'అయ్యగారి యూరిన్ మడ్డిగా వస్తోందమ్మా, మనిషి కూడా మత్తుగా ఉన్నారు' అని నాకు ఫోన్ చేసింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే 'తీసుకొచ్చి చూపించండి' అన్నారు. మర్నాటికి చలిజ్వరం వచ్చి మళ్ళీ అడ్మిట్ చేశాం. ఇప్పుడు రెండోసారి డిశ్చార్జి చేస్తారట. ఈసారి ఏం అడగాలి, ఏం చూసుకోవాలి? - ఒక కూతురు, హైదరాబాదు

జవాబు: అమ్మా, మీ అటెండెంటు సరిగ్గా చూసింది, సరైన సమయంలోనే చెప్పింది. యూరిన్ గొట్టం ఉన్న పెద్దాయన ఉన్నట్టుండి మత్తుగా అయ్యారంటే ఇన్ఫెక్షన్ మొదలైందేమోనని అనుమానించాలి. పెద్దవయసులో చాలాసార్లు జ్వరం కంటే ముందు మనిషిలోనే తేడా కనిపిస్తుంది. ఆ మాట చేరాల్సిన చోటికి చేరడానికి దారి లేకపోయింది, అంతే. ఈసారి డిశ్చార్జికి ముందే ఆ దారి వేసుకోండి.

మొదటి పని, మీ అటెండెంటును డిశ్చార్జికి ఒకరోజు ముందే వార్డుకు పంపించండి. ఇంటికి వచ్చాక ఆమె చెయ్యబోయే పనులన్నీ అక్కడ వార్డు సిస్టర్ చూస్తుండగా తన చేత్తో చెయ్యాలి. చెప్తే వినడం వేరు, చేసి చూపించడం వేరు. 'మా అమ్మాయి ఒకసారి ఫీడ్ ఇస్తుంది, మీరు పక్కనుండి చూడండి సిస్టర్' అని గౌరవంగా అడిగితే ఎంత బిజీగా ఉన్నా ఒప్పుకుంటారు. అంతకాలం వార్డుల్లో ఉన్నదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్తున్నాను.

ముక్కు గొట్టం విషయంలో ఆమె నేర్చుకోవాల్సినవి ఇవి. గొట్టం మీద ముక్కు దగ్గర గుర్తు ఎక్కడుందో ప్రతిసారీ ఫీడ్‌కు ముందు చూసుకోవాలి. గుర్తు జరిగి ఉంటే ఇవ్వకూడదు. తలవైపు ఎత్తి, సగం కూర్చున్నట్టు పెట్టాకే మొదలుపెట్టాలి. సిరంజితో తొయ్యకూడదు, దానంతటది దిగాలి. మధ్యలో దగ్గు వచ్చినా ఆయాసం వచ్చినా అక్కడికక్కడే ఆపెయ్యాలి. అయ్యాక కాసిని మంచినీళ్ళు పోసి గొట్టం శుభ్రం చెయ్యాలి, కనీసం అరగంట పాటు పడుకోబెట్టకూడదు. గొట్టం ఊడివస్తే మళ్ళీ లోపలికి తొయ్యొద్దు. అది నర్సు పని. పొరపాటున ఊపిరితిత్తుల వైపు పోతే ప్రాణం మీదికి వస్తుంది.

యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుముకు కిందుగా ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. చాలా ఇళ్ళలో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడు బ్యాగును ఒళ్ళో పెడతారు. దాంతో ఆ నీళ్ళు వెనక్కి పోతాయి. మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చెయ్యాలి. గొట్టం ఏ తేదీన మార్చాలో, అసలు అది ఇంకా అవసరమా లేదా అన్నది డాక్టరును తప్పకుండా అడగండి. ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగరు. అక్కర్లేని గొట్టం ఎన్నాళ్ళుంటే ఇన్ఫెక్షన్‌కు అన్నాళ్ళు అవకాశం ఇచ్చినట్టే.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం రాత్రిపూట కూడా ఆగకూడదు. గాలి పరుపు కొన్నాం కదా అని ఊరుకోవద్దు, పరుపు ఉన్నా తిప్పాల్సిందే. నడుము కింద, తుంటి పక్కన, మడమల మీద రోజూ చూడాలి. ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి వదిలితే ఆ ఎరుపు పోకుండా అలాగే ఉందంటే పుండు మొదలవుతున్నట్టే. ఆ రోజే చెప్పాలి.

రెండో పని, ఒక పొడవాటి నోట్‌బుక్ కొనండి. నేను శిక్షణ ఇచ్చిన ఒకమ్మాయి రాసిన పుస్తకం నా దగ్గర ఇప్పటికీ ఉంది. చదువు ఎనిమిదో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటాయి కానీ ఒక్క పూట కూడా వదలలేదు. 'పొద్దున 6: బీపీ చూశాను. 7: పాలు 200. 7.20: దగ్గు, ఆపాను. 9: ఎడమ పక్కకు తిప్పాను. నడుం దగ్గర ఎరుపు, రూపాయి బిళ్ళంత. 11: యూరిన్ 300, రంగు టీ నీళ్ళలా.' ఇంకో పేజీలో 'సాయంత్రం 5: చెయ్యి పట్టుకోమంటే రోజూ పట్టుకున్నంత గట్టిగా పట్టుకోలేదు. 4 గంటలకు బాగానే పట్టుకున్నారు' అని ఉంది. ఆ ఒక్క వాక్యంతోనే ఆ ఇంటివాళ్ళు 108కి ఫోన్ చేశారు. అది మళ్ళీ స్ట్రోకే, అంటే పక్షవాతమే. రక్తం గడ్డ కట్టి వచ్చే స్ట్రోక్‌లో ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. అందుకే చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకన్నది డాక్టరు మొదట అడిగే ప్రశ్న. దానికి జవాబు ఆ పుస్తకంలో ఉంది. ఆ అమ్మాయి రాయకపోతే ఆ ఇంట్లో ఎవరూ చెప్పగలిగేవారు కాదు.

మూడో పని, డిశ్చార్జి కాయితం మీద ఒక ఫోన్ నంబరు రాయించుకోండి. రిసెప్షన్ నంబరు కాదు, వార్డుది గానీ డాక్టరు గారి అసిస్టెంటుది గానీ. దేనికి ఫోన్ చెయ్యాలి, దేనికి ఆగకుండా తీసుకురావాలి అన్నది అదే కాయితం మీద తెలుగులో రాయించండి. కాయితం జిరాక్స్ ఒకటి అటెండెంటు దగ్గర ఉండాలి. అసలు కాయితం మీ ఫైల్లో, మీ ఫైలు హైదరాబాదులో ఉంటే ఆమెకు ఉపయోగం లేదు.

ఇక ఖర్చు సంగతి. 70 ఏళ్ళు దాటినవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. నాన్నగారికి తీసుకోకపోతే తీసుకోండి. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. ఇంట్లో పెట్టుకున్న అటెండెంటుకు రూపాయి కూడా రాదు. నాకు దీని మీద చాలా బాధ ఉంది. ఇంట్లో సరిగ్గా చూసుకుంటే రాని ఇన్ఫెక్షన్‌కు ఆసుపత్రిలో వేలకు వేలు బీమా కడుతుంది, అది రాకుండా చూసే మనిషి జీతానికి మాత్రం ఏ పథకమూ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైన వాళ్ళకు 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా పెన్షను నెలకు 15,000 రూపాయలు ఇస్తున్నారు. దానికి వైద్యుల ధ్రువీకరణ, ఇతర అర్హతలు కావాలి. మీ వార్డు సచివాలయంలో కనుక్కోండి. అక్కడున్న ఏఎన్ఎమ్ నర్సమ్మకు మీ ఇంట్లో ఇలాంటి పేషెంటు ఉన్నారన్న సంగతి కూడా చెప్పి పెట్టండి. చెప్పకపోతే ఆవిడకు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ చదివాను. మాది పార్వతీపురం దగ్గర పల్లె. హైదరాబాదులో ఏజెన్సీ ద్వారా ఇళ్ళలో పేషెంట్లను చూస్తాను. 24 గంటల డ్యూటీ. రాత్రి నాలుగైదుసార్లు లేవాలి. పగలు కాస్త కునుకు తీస్తే 'డబ్బులిచ్చేది పడుకోవడానికా' అంటారు. వారం సెలవు లేదు. ఇప్పుడున్న ఇంట్లో సెలైన్ కూడా నన్నే పెట్టమంటున్నారు, నర్సును పిలిస్తే డబ్బులవుతాయని. డాక్టరు వచ్చినప్పుడు నేను ఏదన్నా చెప్పబోతే 'నువ్వాగు' అంటారు. ఈ పనిలో నాకు విలువ ఎప్పటికైనా వస్తుందా? ఏం చదివితే బాగుంటుంది? - ఒక అటెండెంటు, హైదరాబాదు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు సెలైన్ సంగతి. పెట్టకండి. సెలైన్ పెట్టడం, నరానికి ఇంజెక్షన్ ఇవ్వడం, ముక్కు గొట్టం వెయ్యడం, యూరిన్ గొట్టం మార్చడం, లోతైన పుండుకు కట్టు కట్టడం, ఇవి రిజిస్ట్రేషన్ ఉన్న నర్సు చెయ్యాల్సినవి. ఏదన్నా జరిగితే ఆ ఇంటివాళ్ళు మీ పక్కన నిలబడరు, ఏజెన్సీ అంతకన్నా నిలబడదు. 'నాకు ఇది నేర్పలేదండి, నేను చేస్తే అయ్యగారికే ప్రమాదం' అని చెప్పండి. 'చెయ్యను' అనే కంటే ఈ మాట బాగా వింటారు. అయినా ఒత్తిడి పెడితే ఏజెన్సీకి వాట్సాప్‌లో మెసేజి పెట్టండి. ఫోన్‌లో చెప్తే సాక్ష్యం ఉండదు.

డాక్టరు ముందు మాట్లాడటం గురించి నేను మా అమ్మాయిలకు నేర్పించే పద్ధతి ఒకటి చెప్తాను. డాక్టరుకు టైము తక్కువ. 'ఆయన ఏంటో డల్‌గా ఉంటున్నారు సార్' అంటే ఆయన తల ఊపి వెళ్ళిపోతారు. దాని బదులు ఇలా చెప్పి చూడండి: 'సార్, నేను రాత్రీపగలూ ఆయన దగ్గరే ఉంటాను. నిన్న మధ్యాహ్నం నుంచి తేడాగా ఉంది. రోజుకు లీటరున్నర వచ్చే యూరిన్ నిన్న అర లీటరే వచ్చింది. జ్వరం 100. ఫీడ్ రెండుసార్లు ఆపాను. నన్నేం చెయ్యమంటారు?' మనిషిలో వచ్చిన మార్పు, అది ఎప్పటి నుంచి వచ్చిందీ, మీరు కొలిచింది ఎంత, మీకు కావలసింది ఏంటి. ఇంత చెప్పడానికి అర నిమిషం చాలు. లెక్క చెప్తే డాక్టరు ఆగుతారు. పుస్తకం తెరిచి ఆయన చేతికివ్వండి. డాక్టరు ఒకసారి ఆ పుస్తకం చదివి 'ఎవరు రాశారు ఇది?' అని అడిగాక, 'నువ్వాగు' అనే నోళ్ళు చాలావరకు మూతపడటం నేను చూశాను.

మీ ఇంటివాళ్ళు కూడా ఈ శీర్షిక చదువుతారేమోనని ఇక్కడే ఒక మాట వాళ్ళకూ చెప్తాను. ఒకే మనిషి రాత్రంతా రెండు గంటలకోసారి లేచి, పగలంతా మేలుకుని పనిచెయ్యలేదు. అలా చెయ్యించుకుంటే మూడో రోజుకు మందు తప్పు వేస్తుంది, తిప్పడం మానేస్తుంది. ఆమె చెడ్డదై కాదు, నిద్ర లేక. పగలు మూడు నాలుగు గంటలు తలుపు వేసుకుని పడుకునే వీలు ఆమెకు ఇవ్వాలి. ఆ సమయంలో ఇంటివాళ్ళలో ఒకరు పేషెంటు దగ్గర కూర్చోవాలి. వారానికి ఒకరోజు సెలవివ్వాలి. వంటా అంట్లూ బట్టలూ కూడా ఆమెకే అంటగట్టొద్దు. ఇవి ఆమెకు చేసే మేలు అనుకోవద్దు, మీ పేషెంటుకే చేసుకుంటున్నారు.

మీ నడుము కూడా చూసుకోండి. పేషెంటును చంకల కింద చేతులేసి లాగొద్దు. దుప్పటిని నాలుగు మడతలు వేసి నడుము కింద పరిచి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని, మోకాళ్ళు వంచి, ఒకేసారి పైకి జరపాలి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి ఎప్పుడూ లాగకూడదు. భుజం జారిపోతుంది.

చదువు మాటకొస్తే, జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ అని కోర్సులున్నాయి. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పాఠ్యాంశాల ప్రకారం నేర్పి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. ఇప్పటికే పని తెలిసినవాళ్ళ అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. చేరే ముందు ఒక్కటే అడగండి: 'ఆసుపత్రి వార్డులో నాతో పని చేయిస్తారా?' బొమ్మ మీద నేర్పించి పంపేసే చోట చేరకండి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోండి, డబ్బు కట్టాల్సిన పని లేదు. ఇంకొకటి, మీరు రాయలేదు గానీ చాలామంది అమ్మాయిలు నాకు విడిగా చెప్తుంటారు కాబట్టి రాస్తున్నాను. పనిచేసే ఇంట్లో ఎవరన్నా చెయ్యి వేసినా అసభ్యంగా మాట్లాడినా పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 నాటి చట్టం ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళకూ వర్తిస్తుంది. జిల్లాకొక స్థానిక ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. కలెక్టరేటులో అడిగితే చెప్తారు. 181కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

విలువ వస్తుందా అని అడిగారు. నర్సుకు రిజిస్ట్రేషన్ ఉంది, కౌన్సిల్ ఉంది. మీ పనికి రిజిస్టరు లేదు, ఇంత జీతమని కట్టుబాటు లేదు, మూడేళ్ళు చేసినా పదేళ్ళు చేసినా ఏజెన్సీ లెక్కలో ఒకటే. ఇది మారాలి. శిక్షణకు తగ్గ మెట్లు ఉండాలి, మెట్టుకు తగ్గ జీతం ఉండాలి, పైకి చదువుకుంటే ఏఎన్ఎమ్ దాకా వెళ్ళే వీలుండాలి. దీనికోసం నేను అడగగలిగిన చోటల్లా అడుగుతున్నాను. మీరంతా కలిసి అడిగితే ఇంకా గట్టిగా వినబడుతుంది.

ప్రశ్న: మా ఊళ్ళో ఒక ఏజెంటు ఇంగ్లండులో కేర్ వర్కర్ వీసా ఇప్పిస్తానని 18 లక్షలు అడుగుతున్నాడు. బీకామ్ చదివాను. నాన్న పొలం తాకట్టు పెడతానంటున్నారు. వెళ్ళమంటారా? - ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: బాబూ, పొలం తాకట్టు పెట్టనివ్వకు. బయటి దేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం ఇంగ్లండు 2025 జులై 22 నుంచి ఆపేసింది. 2022 ఫిబ్రవరిలో తలుపు తీశారు, 2024 మార్చిలో భార్యాపిల్లల్ని తీసుకెళ్ళకూడదన్నారు, తర్వాత పూర్తిగా మూసేశారు. ఇప్పుడు ఎవరన్నా ఆ వీసా అమ్ముతున్నారంటే అది మోసం. తలుపు తెరిచి ఉన్న రోజుల్లోనే అక్కడి యజమాని ఇచ్చే స్పాన్సర్‌షిప్ కాయితాన్ని లక్షలకు కొనుక్కుని వెళ్ళి, అక్కడ పని లేక, అప్పు తీరక అల్లాడినవాళ్ళు మనవాళ్ళలో ఉన్నారు. ఆ కాయితాన్ని అమ్మడం అక్కడ చట్టవిరుద్ధం. మన దేశంలోనూ విదేశాలకు పంపే ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. తీసుకోగల ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే. మీ ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ సైటులో ఉందేమో చూడు.

ఈ పని మీద నిజంగానే మనసుంటే ఇక్కడ నేర్చుకో. జపాన్ వృద్ధుల సంరక్షణకు మనుషుల్ని తీసుకుంటోంది, కానీ ముందు జపనీస్ భాష నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ ఆ శిక్షణ చూస్తుంది. ఇంగ్లండులో అంతా సక్రమంగా ఉందని కూడా అనుకోకు. అక్కడ ఆసుపత్రి వైద్యం ఉచితం, అది ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ చూస్తుంది. ఇంటి దగ్గర సంరక్షణ మాత్రం స్థానిక కౌన్సిళ్ళ చేతిలో ఉంది, ఆస్తిపాస్తులు చూసి ఇస్తారు. వైద్యం అయిపోయినా ఇంటి దగ్గర చూసే మనిషి దొరక్క వేలమంది ఆసుపత్రి మంచాల మీదే ఉండిపోతుంటారు. రెంటినీ కలపడానికి ఏళ్ళ తరబడి తంటాలు పడుతున్నారు.

ప్రశ్న: అమ్మా, నేను మార్కాపురం ప్రాంతంలో ఆశా కార్యకర్తను. గర్భిణులు, టీకాలు, టీబీ మందులు, షుగరు-బీపీ సర్వే, వీటితోనే రోజు గడిచిపోతుంది. కానీ మా ఊళ్ళో పిల్లలంతా బెంగళూరు, హైదరాబాదు పోయారు. ముసలివాళ్ళు మిగిలారు. కొందరు మంచంలో ఉన్నారు. దారిలో కనబడితే ఆగి చూస్తాను. ఒకామెకు వీపంతా పుండ్లు పడ్డాయి, కోడలికి ఏం చెయ్యాలో తెలియదు. ఇలాంటివాళ్ళ లెక్క నన్ను ఎవరూ అడగరు. నేను ఏం చెయ్యగలను? - ఒక ఆశా కార్యకర్త

జవాబు: చెల్లెమ్మా, దారిలో ఆగి చూస్తున్నారు చూడండి, అక్కడే సగం పని జరుగుతోంది. మిగతా సగం మీ ఒక్కరి భుజాల మీద వెయ్యకూడదన్నది నా గట్టి అభిప్రాయం. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా వ్యవస్థ వచ్చినప్పుడు ముఖ్యంగా తల్లీబిడ్డల కోసం, వెయ్యి మంది జనాభాకు ఒకరు చొప్పున పెట్టారు. ఊళ్ళు ముసలివైపోయాయి, మీ పని జాబితా మాత్రం అప్పటి లెక్కల మీదే నడుస్తోంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అవార్డు ఇచ్చింది, అందరం చప్పట్లు కొట్టాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో మీ గౌరవ వేతనం 10,000 అయింది. అయినా మంచంలో ఉన్న మనిషిని చూసి రావడం ఒక పని కిందే లెక్కకు రాలేదని మీ ఉత్తరమే చెప్తోంది.

కానీ మీకు ఒక ఆధారం ఉంది. ఊళ్ళో హెల్త్ క్లినిక్ ఇవ్వాల్సిన సేవలు 12 రకాలని కేంద్రం నిర్ణయించింది. అందులో వృద్ధుల సంరక్షణ, పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే సంరక్షణ) కూడా ఉన్నాయి. అంటే ఆ క్లినిక్‌ను చూసుకునే మీ ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) ఆ పని చెయ్యాల్సినవారే. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో డాక్టరు 104 వాహనంతో ఊరికి వచ్చి, మధ్యాహ్నం మంచాన ఉన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలన్న ఏర్పాటు ఉంది. ఆయన ఏ ఇంటికి వెళ్ళాలో చెప్పగలిగేది మీరే.

ఒక కాయితం మీద మీ ఊళ్ళో మంచంలో ఉన్నవాళ్ళందరినీ రాయండి. పేరు, వీధి, ఎవరు చూసుకుంటున్నారు, ఏం ఇబ్బంది, ఇంతే. ఆ కాయితం ఒకటి ఎంఎల్‌హెచ్‌పీకి, ఒకటి సచివాలయంలో ఏఎన్ఎమ్‌కు, ఒకటి వెల్ఫేర్ అసిస్టెంటుకు ఇవ్వండి. పెన్షను ఇచ్చేవాళ్ళకు ఆ ఇల్లు తెలుసు, మందులిచ్చేవాళ్ళకు ఆ జబ్బు తెలుసు, ఇద్దరికీ కలిపి ఆ మనిషి తెలియాలి. డాక్టరు వచ్చే రోజు పొద్దున్నే 'ఇవాళ ఈ రెండిళ్ళు' అని గుర్తు చెయ్యండి. డ్వాక్రా సంఘంలో ఓపికున్న ఇద్దరు ఆడవాళ్ళు దొరికితే పుండు శుభ్రం చెయ్యడం, తిప్పడం ఏఎన్ఎమ్ చేత వాళ్ళకు నేర్పించండి. ఆ కోడలికి మీరు ఇవాళ చెప్పాల్సింది ఇది: కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి పుండు కడగాలి, పసుపూ బూడిదా పెట్టకూడదు, పుండున్న వైపు పడుకోబెట్టకూడదు, గుడ్డో పప్పో పెరుగో రోజూ తినిపించాలి. వాసన వస్తున్నా, నల్లబడినా, ఎముక కనబడుతున్నా డాక్టరు చూడాల్సిందే.

కేరళలో ఇది ఎలా నిలబడిందో చెప్తాను. 1993లో కోళికోడ్‌లో కొద్దిమంది డాక్టర్లు నొప్పి తగ్గించే క్లినిక్ ఒకటి పెట్టారు. తర్వాత మలప్పురంలో ఊరివాళ్ళే వాలంటీర్లుగా చేరి వారానికి కొన్ని గంటలు కేటాయించి ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టారు. 2008లో రాష్ట్ర ప్రభుత్వం పాలియేటివ్ కేర్‌కు ఒక విధానం ప్రకటించింది, దేశంలో అదే మొదటిది. ఇప్పుడు అక్కడ శిక్షణ పొందిన నర్సు పంచాయతీ తరఫున ఇంటికి వస్తుంది, ఖర్చు పంచాయతీ బడ్జెట్‌లో ఉంటుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వెనక ఉంటుంది. వాలంటీరు చూసింది నర్సుకు, నర్సు చూసింది డాక్టరుకు చేరుతుంది. మనదగ్గర తెలంగాణలో జిల్లా కేంద్రాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టి, అక్కడి నుంచి వాహనంలో ఇళ్ళకు వెళ్ళే ఏర్పాటు చేశారు. మంచి పనే. కానీ జిల్లా కేంద్రం నుంచి వచ్చే వాహనం మారుమూల ఊరికి ఎన్నిసార్లు రాగలదు? కేరళలో ఆ పని పంచాయతీదైంది కాబట్టే నిలబడింది.

మీ సమావేశాల్లో ఒక మాట అడగండి. ప్రసవానికి తోడు వెళ్తే ప్రోత్సాహకం ఉన్నట్టు, మంచంలో ఉన్న మనిషిని నెలకు ఇన్నిసార్లు చూసి రాస్తే దానికీ ప్రోత్సాహకం ఉండాలి. చూసినందుకు డబ్బు అడగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. అవసరమైతే ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళ కోసం 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది, ఉచితం. ఆ నంబరు గోడ మీద రాసి పెట్టండి.

ప్రశ్న: నేను ఏరియా ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరును. పెద్దవాళ్ళ వెంట వచ్చినవాళ్ళు ఒకరు చెప్పింది ఒకరు చెప్పరు. ఏ మందులు వాడుతున్నారో తెలియదు. ఒకే పేషెంటు నెలలో మూడుసార్లు వస్తాడు. ఓపీలో ఊపిరి సలపదు. మాలాంటివాళ్ళం ఏం చెయ్యగలం? - ఒక వైద్యుడు, ఉత్తరాంధ్ర

జవాబు: డాక్టర్ గారూ, మీ ఓపీ ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి పెద్ద పనులు చెప్పను. కేసు షీటులో పేషెంటు పేరు కింద 'ఇంట్లో చూసుకునేది ఎవరు, వాళ్ళ ఫోన్ నంబరు' అని ఒక గీత వేయించండి. సంతకం పెట్టే కొడుకు వేరు, రోజూ అన్నం తినిపించే మనిషి వేరు. మీకు కావాల్సిన సంగతులు రెండో మనిషి దగ్గర ఉంటాయి. ఆ మనిషి కోడలైనా, ఆయమ్మైనా, పక్కింటావిడైనా రౌండ్సు టైములో లోపలికి రానివ్వమని వార్డు సిస్టర్లకు చెప్పండి.

మందుల చీటీ మీద బీడీ (రోజుకు రెండుసార్లు), టీడీఎస్ (మూడుసార్లు) అని రాస్తే ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. 'ఉదయం 1, రాత్రి 1, అన్నం తిన్నాక' అని తెలుగులో రాసిన రబ్బరు స్టాంపు చేయించుకుంటే టిక్కు పెడితే చాలు. ఆపేసిన మందుల పేర్లు కూడా రాయండి. పాత స్ట్రిప్పూ కొత్త స్ట్రిప్పూ వేరే వేరే కంపెనీ పేర్లతో ఉంటాయి కదా, రెండూ ఒకే బీపీ మందని తెలియక కలిపి వేసేసి కళ్ళు తిరిగి పడిపోయి వచ్చినవాళ్ళను నేను ఎంతమందిని చూశానో. వచ్చేటప్పుడు మందుల సంచీ మొత్తం తెమ్మనండి, టేబుల్ మీద బోర్లించి చూడండి. మూడుసార్లు వచ్చే మీ పేషెంటు సంచీతోనే మొదలుపెట్టండి.

డిశ్చార్జి చేసే రోజు ఆ ఊరి ఎంఎల్‌హెచ్‌పీకో ఏఎన్ఎమ్‌కో ఒక ఫోన్ చేయించండి. మీరే చెయ్యక్కర్లేదు, స్టాఫ్ నర్సు చేస్తుంది. 'ఫలానా మనిషి ఇవాళ ఇంటికి వస్తున్నాడు, యూరిన్ గొట్టం ఫలానా తేదీన మార్చాలి, మడమ మీద ఎరుపు ఉంది, ఎల్లుండి ఒకసారి చూడండి.' మండలంలోని ఊళ్ళ ఎంఎల్‌హెచ్‌పీల నంబర్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరుకుతాయి. వాటిని టైపు చేయించి వార్డు ఫోన్ పక్కన అంటించండి. ముందు ఒక నెల పాటు గొట్టాలతో ఇంటికి వెళ్ళే పేషెంట్లకు మాత్రమే చేసి చూడండి. వాళ్ళలో ఎంతమంది తిరిగొచ్చారో అంతకుముందు నెలతో పోల్చి చూసుకుని, నాకు ఒక ఉత్తరం రాయండి. ఈ శీర్షికలోనే వేస్తాను.